మొదటి డోసు గంటలోపు: మా ఎస్‌ఎన్‌సీయూలో వచ్చిన మార్పు (నా అనుభవం)

పసిబిడ్డకు ఇన్ఫెక్షన్ ఉందని డాక్టరుగారికి అనుమానం వచ్చింది. యాంటీబయోటిక్ మొదలుపెట్టమన్నారు. అప్పటి నుంచి ఆ మందు బిడ్డ ఒంట్లోకి వెళ్ళేదాకా ఎంతసేపు పడుతుంది? ఈ ప్రశ్న మా యూనిట్లో చాలాకాలం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే అందరం ఒకటే మాట అనేవాళ్ళం: "వెంటనే ఇచ్చేస్తాం కదా!" ఆ నమ్మకంలో మోసమేమీ లేదు. కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగే మాకు, ఆలస్యం జరుగుతోందన్న ఆలోచనే రాలేదు.

నేను ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నా డ్యూటీ ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బుపడ్డ నవజాత శిశువుల్ని చూసుకునే ప్రత్యేక విభాగంలో. జిల్లా స్థాయిలో ఇలాంటి యూనిట్ మన దేశంలో మొదట పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో 2003లో వచ్చింది. తర్వాత అన్ని రాష్ట్రాలకూ పాకింది. మా దగ్గరికి మా ఆసుపత్రిలో పుట్టిన పిల్లలూ వస్తారు, ఏజెన్సీ మండలాల నుంచి 108లో గంటల తరబడి ప్రయాణం చేసి వచ్చేవాళ్ళూ ఉంటారు. కిలోన్నర బరువున్న బిడ్డ మాకు రోజూ కనిపించే బిడ్డే.

పెద్దవాళ్ళకు ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం వస్తుంది, నొప్పి చెబుతారు. పుట్టి నాలుగు రోజులైనా కాని బిడ్డ ఏం చెబుతుంది? పాలు తాగడం మానేస్తుంది. ఒళ్ళు వేడెక్కడానికి బదులు చల్లబడవచ్చు. ఏడుపు సన్నగిల్లుతుంది. ఊపిరి నిమిషానికి 60 దాటుతుంది, ఛాతీ లోపలికి గుంజుకుపోతుంది. తల్లి "డల్‌గా ఉంది సిస్టరమ్మా" అంటుంది, అంతే. ఆ డల్‌గా ఉండడం నుంచి షాక్‌లోకి, అంటే రక్తప్రసరణ పడిపోయే స్థితిలోకి, జారిపోవడానికి కొన్ని గంటలు చాలు. అందుకే బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ మార్గదర్శకాలు, యాంటీబయోటిక్ ఇవ్వాలని నిర్ణయించాక వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ గంటలోపు ఇవ్వాలంటాయి. మేమూ అదే గంటను లక్ష్యంగా పెట్టుకున్నాం.

ఇదంతా ఒక ట్రైనింగ్‌తో మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయం, ఢిల్లీ ఎయిమ్స్ కలిసి తయారుచేసిన పీవోసీక్యూఐ అనే పద్ధతి ఉంది. రోగి పక్కన నిలబడి పనిచేసేవాళ్ళే తమ పనిని ఎలా మెరుగుపరచుకోవచ్చో అది నాలుగు మెట్లలో చెబుతుంది. ఒక సమస్యను ఎంచుకుని టీమ్ కట్టాలి, కారణాలు వెతికి కొలవాలి, చిన్న చిన్న మార్పులు చేసి చూడాలి, పనిచేసిన వాటిని నిలబెట్టుకోవాలి. కొత్త బిల్డింగు, కొత్త మిషన్లు, కొత్త పోస్టులు వచ్చాక చేద్దాం అనే ఆలోచనకు అందులో చోటు లేదు. నాకు నచ్చింది అదే. సమస్యగా నేను మొదటి డోసును ఎంచుకుందామన్నాను. హెడ్ నర్స్ మేడమ్ ఒప్పుకున్నారు, పిల్లల డాక్టరుగారు టీమ్‌లోకి వచ్చారు. ల్యాబ్ టెక్నీషియన్ని, ఫార్మసిస్టుని, మా ఆయమ్మని కూడా కలుపుకున్నాం. ఆయమ్మ ఎందుకని కొందరు అడిగారు. రాత్రిపూట ఫైలు పట్టుకుని మెట్లెక్కి దిగేది ఆవిడే. ఆలస్యం ఎక్కడ జరుగుతుందో మా అందరికంటే ఆవిడకే ఎక్కువ తెలుసు.

కొలవడం మొదలుపెట్టాలనగానే స్టాఫ్‌లో భయం. "ఎవరు లేట్ చేశారో పట్టుకుని మెమో ఇవ్వడానికా అక్కా?" అని ఒక జూనియర్ సూటిగానే అడిగింది. ఆ భయం అన్యాయమైనది కాదు. మన ఆసుపత్రుల్లో కాగితం మీద ఏది రాసినా చివరికి సంజాయిషీలకే వాడతారని అందరికీ అనుభవమే. అందుకే మా షీటులో నర్సు పేరు కాలమే పెట్టలేదు, డాక్టర్ పేరూ లేదు. బిడ్డ బరువు, ఎక్కడ పుట్టింది, ఏ షిఫ్టు, నాలుగు టైములు, అంతే. ఈ షీటు యూనిట్ దాటి బయటికి వెళ్ళదని మేడమ్ అందరి ముందూ మాట ఇచ్చారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు కాబట్టే తర్వాతి పనులన్నీ జరిగాయని నా గట్టి నమ్మకం.

నాలుగు టైములేమిటంటే: డాక్టర్ నిర్ణయం చెప్పినది, కాగితం మీద ఆర్డర్ రాసినది, లైన్ (మందు ఎక్కించడానికి సిరలోకి సన్నని గొట్టం) పెట్టినది, మందు ఇచ్చినది. లెక్క ఎక్కడినుంచి మొదలవ్వాలన్న దానిమీద చాలా వాదన జరిగింది. ఆర్డర్ రాసిన టైము నుంచి లెక్కేస్తే అంకెలు అందంగా వస్తాయి. కానీ బిడ్డకు ఆర్డర్‌తో పనేముంది? డాక్టర్ నోటివెంట "యాంటీబయోటిక్స్ స్టార్ట్ చేద్దాం" అన్న మాట రాగానే దగ్గరున్న నర్సు తెల్లబోర్డు మీద టైము రాయాలని తేల్చాం. తీరా చూస్తే గోడ గడియారం ఒక టైము, మానిటర్ మరో టైము, మా ఫోన్లు ఇంకో టైము చూపిస్తున్నాయి. గోడ గడియారాన్నే ప్రమాణంగా పెట్టుకుని, ప్రతి సోమవారం ఉదయం దాన్ని సరిచేసే పని ఒకరికి అప్పగించాం.

మొదటి కొన్ని వారాల లెక్క చూసి ఎవరూ మాట్లాడలేదు. గంటలోపు మందు అందిన పిల్లలు తక్కువ. చాలామందికి గంటన్నర, రెండు గంటలు. రాత్రి వచ్చిన ఔట్‌బార్న్ పిల్లలకైతే, అంటే వేరేచోట పుట్టి మా దగ్గరికి వచ్చినవాళ్ళకైతే, మరీ ఎక్కువ. అంటే ఎంత దూరం నుంచి వస్తే, ఎంత జబ్బుతో వస్తే, అంత ఆలస్యంగా మందు అందుతోంది.

చార్టు మీద చేప ముల్లు బొమ్మ గీసి కారణాలు రాయడం మొదలుపెట్టాం. జపాన్‌కు చెందిన ఇషికావా పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇది. ఒక్కో ముల్లు మీద ఒక్కో రకం కారణం: మనుషులు, వస్తువులు, పద్ధతి, చోటు. అందరూ మొదట రాసింది "స్టాఫ్ తక్కువ". నిజమే. రాత్రి ఒక్కో నర్సు చేతిలో ఎంతమంది పిల్లలుంటారో బయటివాళ్ళకు చెప్పినా నమ్మరు. కానీ అది మా చేతిలో లేనిది. దాన్ని బోర్డు మీద ఒక పక్కన రాసి, దాచకుండా, అలాగే ఉంచి మిగతావి చూశాం.

అప్పుడే అసలు సంగతులు బయటపడ్డాయి. బ్లడ్ కల్చర్ సంగతే తీసుకోండి. రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష అది. యాంటీబయోటిక్‌కు ముందు రక్తం తీసి కల్చర్‌కు పంపాలి, అది సరైన పద్ధతే. మరి రాత్రి కల్చర్ ఎందుకు లేటవుతోంది? బాటిల్ లేదు. ఎందుకు లేదు? ల్యాబ్‌లో ఉంది, ల్యాబ్ గదికి తాళం. యూనిట్లో ఎందుకు పెట్టలేదు? అది ల్యాబ్ స్టాక్ రిజిస్టరులో ఉండే వస్తువు. మన రిజిస్టరులోకి ఎందుకు రాలేదు? ఎవరూ ఇండెంట్ (సరుకు కావాలని రాసే చీటీ) పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? పెట్టొచ్చని ఎవరికీ తెలియదు. ఇలా ఐదుసార్లు ఎందుకని అడిగితే చివరికి తేలింది ఒక రిజిస్టరు కాలమ్. ల్యాబ్ టెక్నీషియన్ అక్కడే ఉన్నారు కాబట్టి "రేపట్నుంచి కొన్ని బాటిళ్ళు మీ దగ్గర పెడతాను, వాడినవాటికి సంతకం చెయ్యండి" అన్నారు. ఎన్ని రాత్రులు దీనికోసం ఆయమ్మ పరుగులు తీసిందో!

ఇంకొకటి ఐపీ నంబరు, అంటే అడ్మిషన్ నంబరు. నంబరు వస్తేనే ఫార్మసీ మందు ఇస్తుంది. బిడ్డ తండ్రి కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి, ఆధార్ కార్డు ఊళ్ళో మర్చిపోయి ఫోన్లు చేస్తుంటాడు. ఇక్కడ బిడ్డ వార్మర్ (ఒళ్ళు వెచ్చగా ఉంచే మంచం) మీద ఎదురుచూస్తుంటుంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో జబ్బుపడ్డ పసిబిడ్డకు మందులు ఉచితం. ఇచ్చే మందు ఎలాగూ మనదే అయినప్పుడు నంబరు కోసం ఆగడమెందుకు? మొదటి డోసు వరకు యూనిట్ స్టాక్ నుంచే ఇచ్చి, నంబరు వచ్చాక రాసుకోవచ్చని సూపరింటెండెంట్ గారి అనుమతి కాగితం మీద తెచ్చుకున్నాం. నోటిమాట అనుమతులు మనిషి మారితే పోతాయి.

మూడోది కేస్ షీట్. డ్యూటీ డాక్టర్ బిడ్డను చూసి, తల్లి వివరాలు రాసి, పరీక్ష వివరాలు రాసి, చివర్లో ట్రీట్‌మెంట్ రాసేవారు. ఆ చివరి పేజీ దాకా వచ్చేసరికి అరగంట. ఇప్పుడు ముందుగా ఒక చిన్న స్లిప్పు: బరువు, మందు, డోసు, టైము, సంతకం. మిగతా కేస్ షీట్ నిదానంగా రాసుకోవచ్చు. ఒకరిద్దరు డాక్టర్లకు మొదట ఇది రెండుసార్లు రాయడంలా అనిపించింది. నాలుగైదు అడ్మిషన్లు అయ్యాక వాళ్ళే స్లిప్పు అడిగి తీసుకోవడం మొదలుపెట్టారు.

ఇక మా నర్సుల పని. అడ్మిషన్ వార్మర్ పక్కన ఒక ట్రే తయారుచేశాం. అందులో కల్చర్ బాటిల్, పసుపు రంగు 24, ఊదా రంగు 26 సైజు క్యాన్యులాలు (సిరలో పెట్టే సన్నని గొట్టాలు), మేం మొదట ఇచ్చే రెండు యాంటీబయోటిక్‌లు ఆంపిసిలిన్ వయల్, జెంటామైసిన్, డిస్టిల్డ్ వాటర్, ఒక మి.లీ. సిరంజీలు, మైక్రోపోర్, లేబుళ్ళు ఉంటాయి. మొదట దాన్ని ఒక్క షిఫ్టులో, ఒక్క బిడ్డకు వాడి చూశాం. బాగా పనిచేసింది. యూనిట్ అంతా మొదలుపెట్టిన వారానికే చెడింది. అర్జంటుగా ఎవరికి ఏది కావాలన్నా చేతికందేది ఆ ట్రేనే. తీరా కొత్త బిడ్డ వచ్చేసరికి అందులో క్యాన్యులా ఉండదు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, ఆ క్షణంలో ఇంకో బిడ్డకు అది అవసరమే. అందుకని ట్రే మీద మూత పెట్టి టేపుతో సీల్ చేసి తేదీ రాశాం. టేపు తెగి ఉంటే హ్యాండోవర్ అప్పుడే కనిపిస్తుంది, నింపాకే డ్యూటీ తీసుకోవాలి. సిస్టర్లు కాస్త గొణిగారు గానీ ఇదే బాగా నిలబడింది.

డోసు లెక్కల దగ్గర ఎక్కువ టెన్షన్ ఉండేది. మందు పరిమాణం అంత చిన్నది కాబట్టి దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే పదిరెట్లు తేడా. మా పిల్లల డాక్టరుగారు ఆమోదించిన డోసుల ప్రకారం బరువు పట్టిక తయారుచేసి వార్మర్ ఎదుట అతికించాం. ఉదాహరణకు 1.8 కిలోల బిడ్డకు ఆంపిసిలిన్ కిలోకు 50 మి.గ్రా. చొప్పున 90 మి.గ్రా. 500 మి.గ్రా. వయల్‌ను మొత్తం 5 మి.లీ. అయ్యేలా కలిపితే, ఇవ్వాల్సింది 0.9 మి.లీ. జెంటామైసిన్ కిలోకు 5 మి.గ్రా. చొప్పున 9 మి.గ్రా. 2 మి.లీ.లో 80 మి.గ్రా. ఉండే వయల్ నుంచి నేరుగా తీస్తే 0.225 మి.లీ. వస్తుంది, దాన్ని కచ్చితంగా కొలవడం కష్టం. అందుకే మి.లీ.కి 10 మి.గ్రా. ఉండేలా పలుచన చేస్తే ఇదీ 0.9 మి.లీ.యే. ఇది మా యూనిట్ పట్టిక మాత్రమే. ప్రతి యూనిట్ తమ డాక్టర్లు రాసిన పద్ధతినే పాటించాలి. ముఖ్యంగా నెలలు నిండని పిల్లలకు జెంటామైసిన్ డోసుల మధ్య ఎడం మారుతుంది.

తొందరలో తప్పు జరగకూడదని ఒక నియమం పెట్టుకున్నాం. ఒకరు కలిపిన మందును రెండోవాళ్ళు విడిగా లెక్కవేసి చూడాలి. "0.9 కదా అక్కా?" అని అడిగితే "అవును" అనేయడం కాదు, రెండోవాళ్ళు తమంతట తాము లెక్క చేయాలి. రాత్రి రెండో నర్సు చేతిలో ఇంకో బిడ్డ ఉంటే డ్యూటీ డాక్టర్ చూడాలి. ఆంపిసిలిన్ ముందు నెమ్మదిగా ఇచ్చి, లైన్ ఫ్లష్ చేసి, ఆ తర్వాతే జెంటామైసిన్ పంపుతో అరగంట. రెంటినీ ఒకే సిరంజిలో కలపకూడదు, కలిపితే జెంటామైసిన్ బలం తగ్గిపోతుంది.

వెయిన్ దొరకనప్పుడు ఏం చేయాలన్నది కూడా ముందే రాసుకున్నాం. రెండు ప్రయత్నాలు, ఆపై డాక్టర్‌ను పిలవాలి. ఒక రాత్రి ఏజెన్సీ నుంచి మూడు రోజుల ఆడబిడ్డ వచ్చింది. ఒళ్ళు మంచులా చల్లగా ఉంది. "నిన్నటి దాకా బాగానే తాగింది సిస్టరమ్మా" అని అమ్మమ్మ పదేపదే చెబుతోంది. తల్లి కాన్పు అయిన ఆసుపత్రిలోనే ఉండిపోయింది. రెండు చేతులూ చూశాం, వెయిన్ దొరకలేదు. పాత రోజుల్లో అయితే ఒకరి తర్వాత ఒకరం ప్రయత్నిస్తూనే ఉండేవాళ్ళం. ఆ రాత్రి డాక్టరుగారు మొదటి డోసు రెండు మందులూ తొడ కండరానికి ఇవ్వమన్నారు. ఇచ్చేశాం. తర్వాత బొడ్డు సిర ద్వారా లైన్ పెట్టారు. బోర్డు మీద టైము చూస్తే గంటకు చాలా ముందే మందు పడింది. ఆ బిడ్డ కోలుకుని తల్లి దగ్గరికి వెళ్ళింది. గంటలోపే మందు ఇచ్చినా దక్కని పిల్లలూ ఉన్నారు. బాగా తక్కువ బరువుతో పుట్టినవాళ్ళు, మామూలు మందులకు లొంగని క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ లాంటి క్రిములు సోకినవాళ్ళు. ఆ పిల్లల విషయంలో మొదటి డోసు టైము కంటే మా చేతులు ఎంత శుభ్రంగా కడుక్కుంటున్నామన్నదే పెద్ద ప్రశ్న.

స్టాఫ్ రూమ్ గోడ మీద గ్రాఫ్ కాగితం అతికించాం. ప్రతి బిడ్డకు ఒక చుక్క, పాత లెక్కల మధ్యస్థం దగ్గర ఒక అడ్డగీత. వరసగా ఆరు చుక్కలు ఆ గీతకు కింద పడితే అది గాలివాటం కాదు, నిజమైన మార్పు అని ట్రైనింగ్‌లో చెప్పారు. ఆరో చుక్క పెట్టింది మెమో గురించి అడిగిన ఆ జూనియరే. ఇప్పుడు ఎక్కువమంది పిల్లలకు గంటలోపే అందుతోంది. దాటిన ప్రతి కేసూ ఎందుకు దాటిందో మర్నాడు మాట్లాడుకుంటాం.

ఒక సంగతి డాక్టరుగారు మొదట్లోనే హెచ్చరించారు. తొందర పెట్టామంటే అవసరం లేని పిల్లలకు కూడా యాంటీబయోటిక్ మొదలుపెట్టే ప్రమాదం ఉంది. అందుకే ఎంతమందికి మొదలుపెట్టామో కూడా లెక్కపెట్టాం. కల్చర్‌లో ఏమీ రాకుండా బిడ్డ బాగుంటే 48 గంటలకు ఆపాలా వద్దా అని రౌండ్స్‌లో తప్పనిసరిగా అడుగుతాం. ఆ ప్రశ్న అడిగే బాధ్యత నర్సుది. నాకు ఈ మార్పు మొదటి డోసు కంటే తక్కువేమీ అనిపించదు.

మొదటి డోసు కుదురుకున్నాక మిగతా డోసుల వైపు చూశాం. పన్నెండు గంటలకోసారి ఇచ్చే మందులన్నీ ఉదయం 8, రాత్రి 8 గంటలకు రాసి ఉండేవి. సరిగ్గా అదే షిఫ్టు మారే టైము. వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళు ఇస్తారనుకుంటారు, వచ్చేవాళ్ళకు హ్యాండోవర్ అయ్యేసరికి తొమ్మిది. ఉదయం 6కు మార్చి చూశాం. ఆ టైముకు పిల్లల బరువులు, రక్తం శాంపిళ్ళు, ఫీడ్లు అన్నీ నైట్ సిస్టర్ మీదే పడ్డాయి, మళ్ళీ ఆలస్యం. 10కి మారిస్తే సరి సంఖ్య గంటల్లో ఇచ్చే రెండు గంటల ఫీడ్‌తో ఢీకొంది. చివరికి 9 కుదిరింది. అమెరికాలో మందుల భద్రత కోసం పనిచేసే ఐఎస్‌ఎంపీ అనే సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, టైము తప్పకూడని మందులను రాసిన టైముకు అరగంట అటూ ఇటూలోపు ఇవ్వాలని ఉంది. మేమూ ఆ అరగంటనే హద్దుగా పెట్టుకున్నాం. రాత్రి రెండింటికి మొదటి డోసు పడిన బిడ్డను 9 గంటల వరసలోకి ఎలా తేవాలన్నది మాత్రం డాక్టరే రాయాలి. జెంటామైసిన్ డోసులు మరీ దగ్గరైతే చెవులకు, కిడ్నీలకు హాని.

ఇప్పుడు మా కన్ను ఏజెన్సీ పీహెచ్‌సీల మీద ఉంది. జబ్బుపడ్డ పసిబిడ్డను పెద్దాసుపత్రికి పంపేముందు ఆంపిసిలిన్, జెంటామైసిన్ మొదటి డోసు కండరానికి ఇచ్చి పంపాలని ఐఎమ్‌ఎన్‌సీఐ అనే పసిపిల్లల జబ్బుల చికిత్సా పద్ధతిలో ఉంది. ఘాట్ రోడ్డు మీద రెండు మూడు గంటల ప్రయాణం ఉన్నప్పుడు మా గంట లెక్క అక్కడే మొదలవ్వాలి. మొదటి మీటింగులో పీహెచ్‌సీ సిస్టర్లు చెప్పింది విన్నాం: డోసు ఇచ్చిన సందర్భాల్లో కూడా రిఫరల్ చీటీలో టైము రాయడానికి గడి లేదు, అందుకే మాకు తెలియడం లేదు. ఇచ్చారో లేదో తెలియకపోతే ఇక్కడ మేం రెండోసారి ఇచ్చే ప్రమాదమూ ఉంది. బిడ్డ బరువు, మందు, డోసు, ఇచ్చిన టైము, ఈ నాలుగు గడులతో రబ్బరు స్టాంపు చేయించి పంపుతున్నాం. 108లో వచ్చిన బిడ్డను అందుకునే సిస్టర్ ముందుగా ఆ స్టాంపు కోసమే చీటీ తిప్పి చూస్తుంది.